మాత్రల డబ్బా ముందు పెట్టుకుని పార్ట్ డి ప్లాన్ వెతకండి

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మానాన్నలు 2021 మే నెలలో గుంటూరు నుంచి గ్రీన్ కార్డు మీద వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. నాన్నకి 71, అమ్మకి 67. ఇద్దరూ ఇక్కడ ఎప్పుడూ ఉద్యోగం చెయ్యలేదు. ఈ మే నెలతో ఐదేళ్ళు నిండుతాయి, 65 దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్, తీసుకోవచ్చని అంటున్నారు. ఇన్నాళ్ళూ ఎవరు ఇండియా నుంచి వచ్చినా ఆరు నెలలకి సరిపడా మందులు తెప్పించుకున్నాం. నాన్న గ్లైకోమెట్ జీపీ 2 రోజుకి రెండు, గాల్వస్ 50, టెల్మా 40, అటోర్వా 20 వేసుకుంటారు. అమ్మకి థైరోనార్మ్ 50, టెల్మా 40, షెల్‌కాల్. కిందటి నవంబరులో నాన్నకి గుండె లయ తప్పుతోందని ఇక్కడి డాక్టరు ఎలిక్విస్, షుగర్‌కి జార్డియన్స్ రాశారు. ఆ రెంటికే ఫార్మసీలో నెలకి వెయ్యి డాలర్ల పైన చెప్పారు. పార్ట్ డి అని మందులకి వేరే బీమా ఉందట. ఇండియా నుంచి మందులు చవకగా వస్తుంటే అది నిజంగా కావాలా? అన్ని ప్లాన్లలో ఏది తీసుకోవాలి? ఒక ఏజెంటు ఫోన్ చేసి ప్రీమియం సున్నా, మందులు కూడా అందులోనే అంటున్నాడు. నమ్మొచ్చా?

సమాధానం: కావాలి. ఇద్దరికీ కావాలి, విడివిడిగా కావాలి. మెడికేర్‌లో ఇంటిల్లిపాదికీ కలిపి ఒక పాలసీ అనేది ఉండదు. మీ నాన్నగారికి ఒక ప్లాను, అమ్మగారికి ఇంకో ప్లాను కుదరొచ్చు. ఇద్దరి మాత్రలూ వేరు కాబట్టి, భార్యాభర్తలని ఒకే ప్లానులో వేసెయ్యడం చాలాసార్లు డబ్బు దండగ.

ముందు ఇండియా మందుల సంగతి తేల్చుకుందాం. సూట్‌కేసులో మాత్రలు ఉండటం మెడికేర్ దృష్టిలో బీమా ఉన్నట్టు కాదు. ఫార్మసీ డిస్కౌంట్ కూపన్లూ అంతే. పార్ట్ డి తీసుకోవలసిన మొదటి గడువు దాటాక వరసగా 63 రోజులు, అంతకు మించి సరైన మందుల బీమా లేకుండా గడిస్తే, తరవాత ఎప్పుడు చేరినా జరిమానా పడుతుంది. లెక్క ఇది: బీమా లేని ప్రతి పూర్తి నెలకీ జాతీయ మూల ప్రీమియంలో 1 శాతం. 2026లో ఆ మూల ప్రీమియం 38.99 డాలర్లు. రెండున్నరేళ్ళు ఆగి చేరితే 30 శాతం, అంటే నెలకి 11.70 డాలర్లు ప్రీమియం మీద అదనం. ఒక్కసారి కట్టి వదిలించుకునేది కాదు, పార్ట్ డి ఉన్నన్నాళ్ళూ కట్టాల్సిందే. మూల ప్రీమియం మారినప్పుడల్లా జరిమానా కూడా మారుతుంది.

డబ్బు సంగతి అలా ఉంచినా, ఎలిక్విస్ లాంటి మందుని తెచ్చేవాళ్ళ ప్రయాణాల మీద ఆధారపడి నడపకూడదు. అది రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆగితే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని ఆ మందు కాగితం మీదే హెచ్చరిక ఉంటుంది. తెస్తానన్న బంధువు టికెట్ పది రోజులు వాయిదా పడితే ఏం చేస్తారు? బీపీ మాత్రో థైరాయిడ్ మాత్రో అయితే అప్పటికప్పుడు ఇక్కడ చవకగా కొనుక్కోవచ్చు. ఎలిక్విస్‌తో ఆ వెసులుబాటు లేదు.

ఇక చేరే వరస. పార్ట్ డి నేరుగా ఇవ్వరు. మెడికేర్ పార్ట్ ఎ (ఆసుపత్రి బీమా) గాని పార్ట్ బి (డాక్టర్ల ఫీజులు, పరీక్షల బీమా) గాని ఉండాలి. ఇక్కడ పదేళ్ళు పనిచేసి 40 క్రెడిట్లు సంపాదించినవాళ్ళకీ, వాళ్ళ భార్యకో భర్తకో పార్ట్ ఎ ఉచితం. కొడుకు ఇరవై ఏళ్ళుగా పన్ను కట్టినా ఆ క్రెడిట్లు అమ్మానాన్నలకి రావు. కాబట్టి మీ వాళ్ళు కొనుక్కోవాలి. 2026లో పార్ట్ ఎ ఒక్కొక్కరికి నెలకి 565 డాలర్లు, పార్ట్ బి 202.90 డాలర్లు. పార్ట్ ఎ భారమై కొందరు పార్ట్ బి మాత్రమే తీసుకుని దాని మీద పార్ట్ డి పెట్టుకుంటారు. రూలు ప్రకారం అది కుదురుతుంది, మందులకి ఏ లోటూ రాదు. కానీ ఆసుపత్రిలో చేరితే ఆసుపత్రి బిల్లు చాలావరకు మీ మీదే పడుతుంది. గుండె లయ తప్పుతున్న 71 ఏళ్ళ మనిషి విషయంలో ఆ సాహసం వద్దనే మా మాట. ఎంతో కొంత సర్దుబాటు చేసుకోగలిగితే నాన్నగారికి ముందు పార్ట్ ఎ కొనండి.

చేరే గడువు మొత్తం ఏడు నెలలు: అర్హత వచ్చే నెల, దానికి ముందు మూడు, వెనక మూడు. మే నెలలో ఐదేళ్ళు నిండితే ఆగస్టు 31 మీకు ఆఖరు తేదీ. ఐదేళ్ళు నిండగానే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి ఫోన్ చేసి ఎ, బిల కోసం దరఖాస్తు పెట్టండి. గ్రీన్ కార్డు, పాస్‌పోర్టు, ఈ ఐదేళ్ళలో ఇండియాకి ఎప్పుడు వెళ్ళి ఎప్పుడు వచ్చారో తేదీల పట్టిక దగ్గర పెట్టుకోండి. ఐదేళ్ళూ ఇక్కడే ఎడతెగకుండా నివాసం ఉన్నారా అన్నది వాళ్ళు చూస్తారు. మధ్యలో నెలల తరబడి అక్కడ ఉండిపోయి ఉంటే దాని గురించి అడుగుతారు. మే నెలలో దరఖాస్తు పూర్తయితే పార్ట్ బి జూన్ 1 నుంచి మొదలవుతుంది. మెడికేర్ నంబరు రాగానే, ఎర్ర తెలుపు నీలం రంగుల కార్డు పోస్టులో వచ్చేదాకా కూర్చోకుండా, పార్ట్ డి ప్లానులో చేరండి. పార్ట్ బి గడువు కూడా తప్పితే ప్రతి పన్నెండు నెలల ఆలస్యానికీ 10 శాతం ప్రీమియం పెరుగుతుంది, అదీ శాశ్వతమే.

ఇక్కడ అందరూ మరిచిపోయే పని ఒకటుంది. గుంటూరు డాక్టరు చీటీ మీద ఇక్కడి ఫార్మసీ మందు ఇవ్వదు. ప్రతి మాత్రకీ అమెరికాలో లైసెన్సున్న డాక్టరు ప్రిస్క్రిప్షన్ కావాలి. కొత్త పేషెంటుకి అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి జూన్ మొదటి వారానికి ఇప్పుడే తీసి పెట్టండి. మెడికేర్ తీసుకుంటారా అని అడిగి మరీ తీసుకోండి.

ఇప్పుడు అసలు పని. ఒక సాయంత్రం ఇద్దరి మాత్రల డబ్బాలూ బల్ల మీద బోర్లించి, ఒక్కో స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు కాగితం మీద రాయండి. గ్లైకోమెట్, టెల్మా అనేవి కంపెనీ పెట్టుకున్న పేర్లు. ప్లాన్లు పోల్చే మెడికేర్ వెబ్‌సైటుకి అవి తెలియవు.

గ్లైకోమెట్ జీపీ 2లో రెండు మందులున్నాయి: మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్, గ్లిమెపిరైడ్ 2. ఈ రెంటినీ కలిపిన మాత్ర అమెరికాలో దొరకదు. కాబట్టి రెండు వేర్వేరు మందులుగా రాయాలి, రోజుకి రెండేసి చొప్పున నెలకి 60, 60. మందు మెల్లగా విడుదలయ్యే మాత్రని అక్కడ ఎస్ఆర్ అంటే ఇక్కడ ఈఆర్ అంటారు. మెట్‌ఫార్మిన్ ఈఆర్ అని కొట్టగానే తెర మీద మూడు రకాలు కనిపిస్తాయి, చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఉట్టి ఈఆర్ అని ఉన్నది నెలకి కొద్ది డాలర్లలో వచ్చే మామూలు మాత్ర. పక్కన ఓఎస్ఎమ్ అనో ఎమ్ఓడీ అనో ఉన్నవి వేరే పద్ధతిలో తయారైనవి, ధర ఎన్నో రెట్లు ఎక్కువ, చాలా ప్లాన్లు వాటిని ఇవ్వవు కూడా. అది నొక్కితే ఏడాది ఖర్చు వేలల్లో చూపించి మంచి ప్లాను కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. డాక్టరు ప్రిస్క్రిప్షన్ పంపేటప్పుడు కూడా అదే తప్పు జరగొచ్చు. ఫార్మసీలో ధర చూసి గుండె గుభేలుమంటే మొదట అడగవలసింది ఇదే.

గాల్వస్ అంటే విల్డాగ్లిప్టిన్. ఆ మందుకి అమెరికాలో అనుమతి లేదు, ఏ ప్లానులోనూ ఉండదు. గ్లిక్లజైడ్, టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్, బీపీకి వాడే సిల్నిడిపిన్ కూడా ఇక్కడ దొరకవు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎక్కువగా వాడేవే కనుక ఇది ముందే తెలియడం అవసరం. జార్డియన్స్ మొదలయ్యాక గాల్వస్ లాంటిది ఇంకా కావాలా, కావాలంటే దాని బదులు ఏది అన్నది డాక్టరే చెప్పాలి. అదే కుటుంబానికి చెందిన సిటాగ్లిప్టిన్, అంటే జనూవియా, ఇక్కడ వాడుకలో ఉంది. మీకు మీరుగా మాత్ర మార్చవద్దు, ఆపవద్దు.

టెల్మా అంటే టెల్మిసార్టన్, అటోర్వా అంటే అటోర్వాస్టాటిన్. రెండూ ఇక్కడ చవక జెనెరిక్కులే, అంటే బ్రాండు పేరు లేకుండా అమ్మే మందులే. అమ్మగారి థైరోనార్మ్ అంటే లీవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములు అని రాయకండి, వెయ్యి రెట్ల తేడా. జాబితాలో సింథ్రాయిడ్ అనే బ్రాండు కూడా కనిపిస్తుంది, డాక్టరు ప్రత్యేకించి చెప్పకపోతే జెనెరిక్ ఎంచుకోండి. షెల్‌కాల్ లాంటి క్యాల్షియం, బి కాంప్లెక్స్, దగ్గు మందులు, చీటీ లేకుండా కొనుక్కునేవి పార్ట్ డి కిందికి రావు. వాటిని లెక్కలోంచి తీసెయ్యండి.

జాబితా చేతికొచ్చాక మెడికేర్ డాట్ గవ్‌లో ప్లాన్లు పోల్చే పేజీ తెరవండి. ఖాతా లేకపోయినా పనిచేస్తుంది. జిప్ కోడ్ ఇచ్చి, మందుల ప్లాన్ పార్ట్ డి అన్నది ఎంచుకుని, నాన్నగారి మందులు మోతాదుతో, నెలకి ఎన్ని అన్న లెక్కతో ఎక్కించండి. ఎలిక్విస్ 5 మిల్లీగ్రాములు అయితే నెలకి 60, జార్డియన్స్ 30. తరవాత ఫార్మసీలు అడుగుతుంది. ఐదు దాకా పెట్టొచ్చు, ఐదూ పెట్టండి: ఇంటి దగ్గర చైన్ షాపు రెండు, కిరాణా కొట్టులోని ఫార్మసీ ఒకటి, పెద్ద సూపర్ స్టోరు ఒకటి, పోస్టులో పంపేది ఒకటి. ఒకే ప్లాను, ఒకే మాత్ర అయినా, ఆ ప్లానుకి ఇష్టమైన షాపులో ఒక ధర, వీధికి అటువైపు షాపులో ఇంకో ధర ఉంటుంది. ప్లాను తనకి ఇష్టమైనదని చెప్పుకునే షాపుని ప్రిఫర్డ్ ఫార్మసీ అంటారు. ప్లాను బాగా ఎంచుకుని, షాపు తప్పుగా ఎంచుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

ఫలితాలు వచ్చాక ప్రీమియం అంకె చూడకండి. మందులూ ప్రీమియమూ కలిపి ఏడాదికి ఎంత అన్న వరసలో పెట్టి పైనున్న మూడు ప్లాన్లు తీసుకోండి. ప్రీమియం సున్నా ఉన్న ప్లాను నాన్నగారికి ఆఖరున రావచ్చు, అమ్మగారికి మొదటే రావచ్చు. అమ్మగారివి రెండూ చవక మాత్రలు కాబట్టి ఆవిడకి తక్కువ ప్రీమియం ప్లానే దాదాపు ఎప్పుడూ నయం. అమ్మగారి మందులు వేరేగా మొదటినుంచి ఎక్కించాలి, నాన్నగారి జాబితాలో కలపొద్దు.

నాన్నగారి లెక్క ఎలా నడుస్తుందో అంకెలతో చూద్దాం. జనవరి 1, 2026 నుంచి పది మందులకి ప్రభుత్వం బేరమాడి కుదిర్చిన ధరలు అమల్లోకి వచ్చాయి. ఎలిక్విస్, జార్డియన్స్ రెండూ అందులో ఉన్నాయి. నెలకి ఎలిక్విస్ 231 డాలర్లు, జార్డియన్స్ 197, కలిపి 428. ఈ పది మందుల్నీ ప్రతి పార్ట్ డి ప్లానూ తను ఇచ్చే మందుల జాబితాలో ఉంచి తీరాలి. ప్రామాణిక ప్లానులో మొదట 615 డాలర్ల డిడక్టిబుల్ పూర్తిగా మీరే కట్టాలి, ఆ తరవాత ధరలో 25 శాతం. ఏడాదిలో మీ జేబులోంచి పోయింది 2,100 డాలర్లకి చేరితే, జాబితాలోని మందులకి ఆ ఏడాది ఇంకేమీ కట్టక్కర్లేదు.

జూన్ 1న మొదలైందనుకుందాం. మొదటి నెల 428 మొత్తం మీరే కడతారు. రెండో నెల డిడక్టిబుల్‌లో మిగిలిన 187, ఆపైన మిగిలిన 241లో పావు వంతు, కలిపి 247.25. మూడో నెల నుంచి 107. డిసెంబరు దాకా ఏడు నెలలకి 1,210.25 డాలర్లు. ఏడాది మధ్యలో చేరామని డిడక్టిబుల్ గాని పరిమితి గాని సగానికి తగ్గవు. జనవరిలో మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఇవే ధరలతో పన్నెండు నెలలైతే 1,745.25. పరిమితి ఏటా మారుతుంది, 2025లో అది 2,000 ఉండేది. దీనికి ప్రీమియం, చవక జెనెరిక్కుల కొద్దిపాటి ఖర్చు కలపండి. ప్లాను ప్లానుకీ తేడా ఉంటుంది: కొన్నిటికి డిడక్టిబుల్ ఉండదు కానీ ప్రీమియం ఎక్కువ, కొన్ని చవక మాత్రల్ని డిడక్టిబుల్‌తో పనిలేకుండా మొదటి రోజు నుంచే ఇస్తాయి.

మొదటి నెల 428 ఒకేసారి కట్టడం కష్టమైతే, ఖర్చుని నెలల మీద పరిచే పద్ధతి ఒకటి 2025 నుంచి ప్రతి ప్లానులోనూ ఉంది. వడ్డీ లేదు. ఫార్మసీలో సున్నా కట్టి మందు తెచ్చుకుంటే ప్లాను నెలనెలా బిల్లు పంపుతుంది. జనవరిలో చేరితే మొదటి బిల్లు 2,100ని పన్నెండుతో భాగించిన 175 దాటదు. జూన్‌లో చేరితే ఏడుతో భాగించి 300 దాకా ఉండొచ్చు. దీనికి ప్లానుకే ఫోన్ చేసి ఒప్పుకోవాలి, ఫార్మసీ కౌంటరు దగ్గర అడిగితే అయ్యేది కాదు. మొత్తం మీద ఒక్క డాలరు కూడా తగ్గదు, భారం పరుచుకుంటుంది అంతే. అమ్మగారిలా చవక మాత్రలు వాడేవాళ్ళకి దీనివల్ల బిల్లుల గొడవే తప్ప లాభం లేదు.

పైనున్న మూడు ప్లాన్లలో ఒక్కో మందు పక్కన ఏమైనా షరతు ఉందా చూడండి. ముందస్తు అనుమతి అంటే డాక్టరు ప్లానుకి కారణం రాసి పంపితే గాని మందు ఇవ్వరు. స్టెప్ థెరపీ అంటే ముందు చవక మందు వాడి చూశాకే ఖరీదైనది. పరిమాణ పరిమితి అంటే నెలకి ఇన్నే. రెండు ప్లాన్ల ఖర్చు యాభై వంద డాలర్ల తేడాలో ఉంటే షరతుల్లేనిదే తీసుకోండి. ఇప్పటికే షరతు ఉన్న ప్లానులో పడితే, గుంటూరు డాక్టరు పాత చీటీలు, రిపోర్టులు పారెయ్యకుండా ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఫలానా మందు రెండేళ్ళు వాడాం, పనిచెయ్యలేదు అన్నదానికి అవే సాక్ష్యం. డాక్టరు కారణం పంపాక ప్లాను 72 గంటల్లో జవాబివ్వాలి, ప్రాణానికి సంబంధించిన తొందర ఉందంటే 24 గంటల్లో. కొత్త ప్లానులో మొదటి 90 రోజుల్లో, అప్పటికే వాడుతున్న మందు జాబితాలో లేకపోతే, ఒక నెలకి సరిపడా తాత్కాలికంగా ఇవ్వాలనే నిబంధన కూడా ఉంది. ఫార్మసీలో లేదు అనగానే వెనక్కి రాకుండా ఆ మాట గుర్తు చెయ్యండి.

టీకాల విషయంలో ఒక మంచి సంగతి: సర్పి (షింగిల్స్) రాకుండా వేసే రెండు డోసుల టీకా, ఆర్‌ఎస్‌వీ టీకా పార్ట్ డి కింద పెద్దవాళ్ళకి ఉచితం. ఫ్లూ, న్యుమోనియా టీకాలు పార్ట్ బి కింద వస్తాయి. నాన్నగారికి ఎప్పుడైనా ఇన్సులిన్ అవసరమైతే, జాబితాలో ఉన్న ఒక్కో రకానికీ నెలకి 35 డాలర్లు మించదు.

ఆ ఏజెంటు సంగతి. మీరు అడగకుండా, ముందుగా అనుమతి ఇవ్వకుండా మెడికేర్ ప్లాను అమ్మడానికి ఫోన్ చెయ్యడం నిబంధనలకి విరుద్ధం. ఆ ఒక్కదానికే ఫోన్ పెట్టెయ్యొచ్చు. మెడికేర్ నంబరు మాత్రం అలా ఫోన్ చేసినవాళ్ళెవరికీ చెప్పకండి. అతను చెప్పింది మెడికేర్ అడ్వాంటేజ్, అంటే ఎ, బిల సేవలని ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చే ప్లాను, అయి ఉంటుంది. ప్రీమియం సున్నా అన్నది ఆ ప్లాను వరకే నిజం. దానిలో చేరాలంటే ఎ, బి రెండూ ఉండాలి, ఆ 565, 202.90 కడుతూనే ఉండాలి. మందుల బీమా అందులో కలిసే ఉండొచ్చు, పళ్ళకీ కళ్ళద్దాలకీ కొంత ఇవ్వొచ్చు. కానీ సాధారణంగా వాళ్ళ నెట్‌వర్కులోని, అంటే ఆ ప్లానుతో ఒప్పందం ఉన్న, డాక్టర్లకే వెళ్ళాలి, నాన్నగారి కార్డియాలజిస్టు అందులో ఉన్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇండియాకి వెళ్ళి ఆరు నెలలు దాటి ఉండిపోతే చాలా అడ్వాంటేజ్ ప్లాన్లు పేరు తీసేస్తాయి. మన పెద్దవాళ్ళ రాకపోకలు చూస్తే, చిన్న విషయంగా కనిపించే ఈ రూలు దగ్గరే చాలామంది ఇబ్బంది పడతారు. ఇంకో ముఖ్యమైన మాట: అడ్వాంటేజ్‌లో హెచ్ఎమ్ఓ (నెట్‌వర్కు డాక్టర్లకే పరిమితమైన ప్లాను) గాని పీపీఓ (ఎక్కువ కట్టి బయటి డాక్టర్ల దగ్గరికీ వెళ్ళగలిగే ప్లాను) గాని తీసుకున్నాక, మందులకి విడిగా ఇంకో పార్ట్ డి కూడా తీసుకుందాం అనుకుంటే, అది మొదలైన రోజునే అడ్వాంటేజ్ ప్లాను రద్దయిపోతుంది. ఆ సంగతి కొందరికి డాక్టరు బిల్లు వచ్చేదాకా తెలియదు.

అన్నిటికన్నా ముందు దరఖాస్తు పెట్టవలసింది ఎక్స్‌ట్రా హెల్ప్‌కి. ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వమే పార్ట్ డి ఖర్చు భరించే పథకం ఇది. 2025 లెక్కలో భార్యాభర్తలకి ఏడాది ఆదాయం 31,725 డాలర్ల లోపు, ఆస్తి 35,130 లోపు ఉండాలి. ఈ అంకెలు ఏటా కొద్దిగా పెరుగుతాయి. చూసేది దరఖాస్తుదారు, భార్య లేక భర్త ఆదాయమే. మీ జీతం అడగరు. మీ ఇంట్లో ఉంటూ మీ తిండి తింటున్నారన్నదాన్ని కూడా ఆదాయంగా లెక్కపెట్టరు. మన వాళ్ళు చాలామంది కొడుకు సంపాదిస్తున్నాడు కదా, మనకి రాదులే అని దరఖాస్తే పెట్టరు, అది పెద్ద నష్టం. వస్తే డిడక్టిబుల్ ఉండదు, ప్రీమియం కొన్ని ప్లాన్లలో సున్నా, ఆలస్యపు జరిమానా పోతుంది, 2026లో జెనెరిక్కుకి 5.10, బ్రాండుకి 12.65 డాలర్లు మించి కట్టక్కర్లేదు. నాన్నగారి 1,210 డాలర్లు రెండు వందల లోపుకి దిగుతుంది. అయితే గుంటూరు బ్యాంకులోని డిపాజిట్లు, పింఛను, అద్దె, ఇప్పుడు కాపురం లేని ఇల్లు, పొలం అన్నీ లెక్కలోకి వస్తాయి. వాటిని దాచి సంతకం పెట్టించకండి, ఆ ఫారం మీద అబద్ధం రాయడం నేరం. సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైటులో 1020 ఫారం నింపితే చాలు, ఫీజు లేదు.

పొలం అమ్మే ఆలోచన ఉంటే ఇది కూడా తెలిసి ఉండాలి. గ్రీన్ కార్డున్నవాళ్ళు ఇండియాలో అమ్మిన ఆస్తి మీద లాభాన్ని ఇక్కడి పన్ను రిటర్నులో చూపించాలి. మెడికేర్ రెండేళ్ళ కిందటి రిటర్ను చూసి, 2026 లెక్కలో జంటగా దాఖలు చేసినవాళ్ళ ఆదాయం 2,18,000 డాలర్లు దాటితే పార్ట్ బి, పార్ట్ డి రెంటి మీదా అదనపు ప్రీమియం వేస్తుంది. స్వయంగా ఆస్తి అమ్ముకోవడాన్ని మినహాయింపు కారణంగా ఒప్పుకోరు. 2026లో అమ్మితే ఆ దెబ్బ 2028లో కనిపిస్తుంది.

ఇండియా ప్రయాణాల సంగతి సూటిగా: పార్ట్ డి అమెరికా దాటితే పనిచెయ్యదు. గుంటూరు మెడికల్ షాపు బిల్లు ఇవ్వరు, అక్కడ ఖర్చుపెట్టింది 2,100 పరిమితిలోకీ రాదు. బయలుదేరడానికి మూడు వారాల ముందు ప్లానుకి ఫోన్ చేసి ప్రయాణం కోసం ముందుగా మందు కావాలని అడగండి. డాక్టరు 90 రోజులకి రాస్తే ఇంకా తేలిక. ఇక్కడ లేనప్పుడు కూడా ప్రీమియం కడుతూనే ఉండాలి. మీ వాళ్ళకి సోషల్ సెక్యూరిటీ పింఛను లేదు కాబట్టి అందులోంచి కోసుకునే వీలు లేదు, బిల్లు ఇంటికి వస్తుంది. ఊళ్ళో లేని నాలుగు నెలల్లో ఆ కవర్లు తెరవక ప్లాను పోగొట్టుకున్నవాళ్ళున్నారు. బ్యాంకు నుంచి నేరుగా కట్టే ఏర్పాటు మొదటి రోజే చేసెయ్యండి.

ఈ పని ఏటా మళ్ళీ చెయ్యాలి. సెప్టెంబరు ఆఖరులోగా ప్లాను నుంచి వచ్చే ఏడాది మార్పుల కాగితం వస్తుంది. మాత్ర వేరే మెట్టుకి (ధరల తరగతికి) మారడం, ఫార్మసీ ప్రిఫర్డ్ జాబితాలోంచి పోవడం, ప్రీమియం పెరగడం అన్నీ అందులోనే ఉంటాయి. అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా మార్చుకోవచ్చు, కొత్తది జనవరి 1 నుంచి అమలు. ఏమీ చెయ్యకపోతే పాత ప్లానే కొత్త ధరతో కొనసాగుతుంది.

ఎవరినైనా కూర్చోబెట్టి అడగాలనిపిస్తే టెక్సాస్‌లో హైక్యాప్ అనే ఉచిత సలహా కేంద్రాలున్నాయి. వాళ్ళు ఏ ప్లానూ అమ్మరు. ఇదే సేవ న్యూజెర్సీలో షిప్ అన్న పేరుతో, ఇతర రాష్ట్రాల్లో వేర్వేరు పేర్లతో ఉంటుంది. మెడికేర్ సొంత నంబరు 1-800-633-4227 కి ఫోన్ చేసి తెలుగు అంటే దుబాసీని లైన్లోకి తీసుకుంటారు, డబ్బులు అడగరు. నాన్నగారి తరఫున మీరు మాట్లాడాలంటే మాత్రం ఆయన పక్కనే ఉండి, మా అబ్బాయితో మాట్లాడండి అని తన నోటితో చెప్పాలి. ప్రతిసారీ ఆ ఇబ్బంది లేకుండా ఉండాలంటే, నా వివరాలు ఫలానా వ్యక్తికి చెప్పొచ్చు అని ఆయన సంతకం చేసిన అధికార పత్రం ఒకటి మెడికేర్‌కి పంపి పెట్టండి. అమ్మగారిది వేరుగా ఇంకొకటి.